మన ఊరి మనుషులే... మట్టిబొమ్మలై!

ముక్కుకు పుడక, చెవులకు బరువైన కమ్మలు, రెప్పవాల్చని పెద్ద కళ్లు. లక్ష్మాగౌడ్ చేసిన ఆ మట్టి ముఖాన్ని, ఊరి నుంచి వచ్చి తార్నాకలో గది తీసుకుని ఉస్మానియాలో చదువుకునే కుర్రాడికి ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. సెలవులకు ఇంటికెళ్తే వాకిట్లో ఎదురయ్యే మనిషే! చిక్కల్లా ఆ కుర్రాడు ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కడానికి జంకడమే. అద్దాల తలుపు, ఏసీ, నిశ్శబ్దం... అది మనకోసం కాదనిపిస్తుంది. తీరా లోపలున్నదంతా మనవాళ్లే.

కలాల్ లక్ష్మాగౌడ్ 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, 1963లో బరోడా వెళ్లి కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర శిష్యరికం చేశారు. తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

పేరు తెచ్చింది మొదట గీతలే. అరవై, డెబ్బైల్లో ఇంకుతో గీసిన ఆ బొమ్మల్లో ఆడామగా, మేకలు, చెట్లు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. కోరికను దాచిపెట్టవు. డ్రాయింగ్‌రూమ్ గోడమీద లేపాక్షి బొమ్మలు పెట్టుకునే ఇళ్లకు అవి మింగుడుపడకపోతే ఆశ్చర్యమేముంది? గుడి గోడలమీద చూసి దండం పెట్టేదాన్నే కాగితంమీద చూస్తే కళ్లు మూసుకుంటాం మరి!

ఆ గీతే తర్వాత మట్టిలోకి, కంచులోకి నడిచింది. ఎచింగ్‌లో సూదిమొనతో లోహపు రేకుమీద గీస్తారు, ఆ గీతను ఆమ్లం తొలుస్తుంది. మట్టిబొమ్మకైతే పచ్చిగా ఉండగానే గీత పడాలి. కొలిమిలోంచి బయటికొచ్చాక దిద్దే వీలుండదు. అంత కచ్చితమైన చెయ్యి కాగితంమీదే తయారైంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ‘మేలిముసుగు రెబెకా’ను చూసి పాలరాయి ఇంత పల్చని ముసుగెలా అయిందని నోరెళ్లబెడతాం. 1939లో తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే, ఆ రాతి ఠీవికి తల పైకెత్తక తప్పదు. లక్ష్మాగౌడ్ బొమ్మలకు ఆ నునుపూ లేదు, ఆ ఎత్తూ లేదు. గరుకుగా, సూటిగా ముఖంలో ముఖం పెట్టి చూస్తాయి.

ఆయన ప్రదర్శన ఎక్కడైనా ఉందని తెలిస్తే గీతల దగ్గరే మొదలుపెట్టండి. ఆ తర్వాత బొమ్మ చుట్టూ తిరగండి. కాగితంమీద చూసిన కనుబొమే మట్టిలో మళ్లీ దొరుకుతుంది!