దత్తాంశ పర్యాప్తత – బీజగణిత ప్రశ్నలు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో డిగ్రీ ముగించి ఎం.బి.ఎ. లేక ఎం.సి.ఎ. చదువదలచు విద్యార్థులు సాధారణముగా ఐసెట్ పరీక్షకు కూర్చుందురు. పూర్వము ఈ మూడు పట్టణములును వరంగల్లు జిల్లాలోనివే. 2016లో వేర్వేరు జిల్లా కేంద్రములైనవి. 1976లో వరంగల్లున నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయము ఈ పరీక్షను అనేక పర్యాయములు నిర్వహించినది. మొత్తము 200 ప్రశ్నలు, 150 నిమిషములు. అనగా ప్రశ్నకు 45 సెకండ్లు మాత్రమే. విశ్లేషణా సామర్థ్యమునకు చెందిన 75 ప్రశ్నలలో 20 దత్తాంశ పర్యాప్తతకు సంబంధించినవి. ఈ భాగము తెలుగు, ఉర్దూ భాషలలో కూడ లభించును. కావున ఇచ్చట మనకు అడ్డుపడునది ఆంగ్లము కాదు, మన అలవాటే.

చిన్న తరగతులనుండి మనము "ఎక్స్ విలువ కనుగొనుము" అనగానే కనుగొనుటకే శిక్షణ పొందితిమి. ఇచ్చట విలువను ఎవ్వరును అడుగరు. ఇచ్చిన సమాచారముతో దానిని నిశ్చయముగా చెప్పవచ్చునా లేదా అన్నదే ప్రశ్న. ఒకటవ ప్రవచనమొక్కటే చాలినచో 1వ జవాబు. రెండవదొక్కటే చాలినచో 2వది. ఏ ఒక్కటియు చాలక రెండును కలిపినప్పుడే చాలినచో 3వది. కలిపినను చాలనిచో 4వది.

ఒక ఉదాహరణము చూతము. నోటుపుస్తకము 35 రూపాయలు, కలము 25 రూపాయలు. ఒక విద్యార్థి ఎన్ని నోటుపుస్తకములు కొనెను? ఒకటవ ప్రవచనము: పుస్తకములకు, కలములకు కలిపి 145 రూపాయలు చెల్లించెను. రెండవ ప్రవచనము: మొత్తము 5 వస్తువులు కొనెను.

అవ్యక్తములు రెండు గనుక సమీకరణములును రెండు కావలెనని తలచి మనలో పెక్కుమంది 3వ జవాబు గుర్తింతురు. అది తప్పు. మొదటి సమీకరణమును 5చే భాగించిన 7ఎక్స్ + 5వై = 29 అగును. నోటుపుస్తకములను, కలములను ముక్కలుగా అమ్మరు గదా! ఎక్స్‌కు 0, 1, 2, 3, 4 వేసి చూచినచో 2 ఒక్కటే పొసగును. అప్పుడు వై విలువ 3. రెండవ ప్రవచనమొక్కటే ఏమియు తేల్చదు. కావున జవాబు 1. వస్తువులు, మనుష్యులు, నాణెములు వచ్చిన ప్రతి ప్రశ్నలోను పూర్ణాంకములన్న నియమము చెప్పకయే దాగియుండును.

దీనికి విపర్యయము కూడ కలదు. 2ఎక్స్ + 3వై = 12, 4ఎక్స్ + 6వై = 24 అని ఇచ్చి ఎక్స్ అడిగినచో, చూచుటకు రెండు సమీకరణములైనను నిజమునకు ఒక్కటే; మొదటిదానిని రెట్టింపు చేసిన రెండవది వచ్చును. జవాబు 4.

అవును-కాదు ప్రశ్నలలో మరియొక చిక్కు. "ఎక్స్ ధనసంఖ్యయా?" అని అడిగి, ఒకటవ ప్రవచనముగా 3ఎక్స్ + 20 = 5 అనియు, రెండవదిగా ఎక్స్ వర్గము 25 అనియు ఇచ్చిరనుకొందము. మొదటిదానినుండి ఎక్స్ విలువ –5. "కాదు" అని నిశ్చయముగా తేలినది. నిశ్చితమైన "కాదు" కూడ చాలినట్లే. రెండవదానినుండి 5 కావచ్చును, –5 కావచ్చును. జవాబు 1. రెండవ ప్రవచనమును పరీక్షించునప్పుడు మొదటిదానిని పూర్తిగా మరువవలెను. ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము.

అభ్యాసమునకు జీమ్యాట్ గ్రంథములు వాడువారు ఒక భేదము గమనింపవలెను. అందు జవాబులు ఐదు; ఏ ప్రవచనమైనను విడిగా చాలునన్నది అచ్చట నాలుగవది, కలిపినను చాలదన్నది ఐదవది. ఐసెట్‌లో ఆ ఐదవదే నాలుగవది.