దాచిన ఫొటో ఎలా బయటపడుతుంది?

ద్వారకా తిరుమలలో ముహూర్తాల రోజుల్లో ఒక ఫోను పది చేతులు మారుతుంది. తలంబ్రాల ఫొటో చూద్దామని పిన్నిగారు అందుకుంటారు. వేలు పక్కకి జరిగితే చాలు, ఆసుపత్రి రిపోర్టు, బ్యాంకు పాసుబుక్కు, భార్యాభర్తల సొంత ఫొటోలు వరసగా వచ్చేస్తాయి. "హైడ్ చేశానే, ఎలా కనబడింది?" అని తర్వాత బాధపడేవాళ్లు చాలామంది.

ఆండ్రాయిడ్ ఫోనులో మీడియా స్కానర్ అని ఒకటుంటుంది. అది ఫోల్డర్లన్నీ వెతికి ఫొటోల జాబితా తయారుచేస్తే, గ్యాలరీ ఆ జాబితానే చూపిస్తుంది. ఫోల్డరు పేరు ముందు చుక్క పెడితే స్కానర్ దాన్ని వదిలేస్తుంది. ఫొటో మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమంటే ఇట్టే బయటికొస్తుంది. కాలిక్యులేటర్ వేషంలో ఉండే వాల్ట్ యాప్‌లలో కొన్ని చేసేదీ ఇంతే. ఆ యాప్ తీసేస్తే ఫొటోలూ పోవచ్చు. పైగా అది ఎవరు తయారుచేశారో కూడా తెలియకుండానే మన ఫొటోలన్నీ చూసే అనుమతి ఇచ్చేస్తాం.

మరి తాళం ఎలా వేయాలి? గూగుల్ ఫొటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ 2021లో వచ్చింది. ఫొటో తెరిచి, మూడు చుక్కలు నొక్కి, అందులోకి పంపాలి. సామ్‌సంగ్‌లో సెక్యూర్ ఫోల్డర్ ఉంది. ఐఫోన్‌లో హిడెన్ ఆల్బమ్‌కు 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి తాళం ఉంది. ఒక్క జాగ్రత్త: లాక్డ్ ఫోల్డరుకు బ్యాకప్ లేకపోతే, ఫోను రీసెట్ చేసినప్పుడు అందులోవి ఇక దొరకవు.

ఆ ఫోల్డర్ స్క్రీన్ లాక్‌తోనే తెరుచుకుంటుంది కాబట్టి అసలు బలమంతా అక్కడే ఉంది. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలు, ఆరంకెలకు 10 లక్షలు. పిల్లల పుట్టినరోజు పెట్టుకుంటే ఆ లెక్కలేవీ పనికిరావు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో డిస్‌ప్లే మార్పించడానికి వెళ్తే, టచ్ చూడాలని ప్యాటర్న్ అడుగుతారు. చెప్పకండి. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఇందుకే ఉన్నాయి. అవి లేని ఫోనైతే దగ్గరుండి మీరే తెరిచి ఇవ్వండి.

మనుషుల నుంచే కాదు, యాప్‌ల నుంచీ కాపాడుకోవాలి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేసి వేధిస్తే ఒక జంట ప్రాణాలు తీసుకుంది. వాళ్ల పిల్లలు అనాథలయ్యారు. వ్యక్తిగత రుణాల యాప్‌లు ఫొటోలు, కాంటాక్టులు చూడకూడదని గూగుల్ పెట్టిన నిబంధన 2023 మే 31 నుంచి అమల్లోకి వచ్చింది. ప్లే స్టోర్ బయట లింకులో వచ్చిన యాప్‌కు ఆ కట్టడి లేదు. ఏ యాప్ అయినా ఫొటోలు అడిగితే, ఆండ్రాయిడ్ 14 నుంచి మీరు ఎంచుకున్నవి మాత్రమే చూపించవచ్చు.

"తాళమెందుకు, ఏం దాస్తున్నావ్?" అని ఇంట్లో ఆడపిల్లలనే ఎక్కువగా నిలదీస్తారు. ఇది అన్యాయం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చిచెప్పింది. అనుమతి లేకుండా ఒకరి రహస్య భాగాల ఫొటో తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఎవరైనా బెదిరిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తాళం వేశాక నకళ్లూ చూసుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటో ఆండ్రాయిడ్‌లో సెంట్ ఫోల్డర్‌లో విడిగా ఉంటుంది. బ్యాకప్ అయిన ఫొటోను డిలీట్ చేసినా గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది. ఆ రెండూ మీరే తెరిచి ఖాళీ చేయాలి.