ఇద్దరికి ఒక పలక

పలకమీద బొమ్మ గీయుట ఒక్కరి పని యని మనము తలంచుచుందుము. బలపము ఒకటి, చేయి ఒకటి, మనస్సు ఒకటి. కాని ఇద్దరు పిల్లలు కలసినగాని ఒక్క వంకర గీతయైనను పడని పలకయు కలదు. దానిలో ఒకరికి ఎడమకుడుల మీద మాత్రమే అధికారము. రెండవవారికి పైక్రిందుల మీద మాత్రమే. ఇల్లు గీయవలెనన్న గోడ ఒకరిది, నేల ఒకరిది, వాలుకప్పు మాత్రము ఇద్దరిది. ఆ పలక యెట్టిదో, మన బెళ్ళందూరు వంటి చోట, ఇంటిలో ఒక భాషయు వీధిలో మఱొక భాషయు మాటలాడు పిల్లలకు అది ఏల ప్రత్యేకముగా ఉపయోగపడునో ఈ వ్యాసమున చెప్పదలచితిని. తల్లిదండ్రులును దీనిని చదివిన మేలు.

ఈ పలక పుట్టినది ఫ్రాన్సు దేశమున. 1950వ దశకమున ఆంద్రే కసాన్య్ అను విద్యుత్తు పనివాడొకడు గోడలకు అంటించు చిత్రపుటట్టలు తయారుచేయు కర్మాగారమున పనిచేయుచుండెను. అచ్చట అల్యూమినియపు పొడిని వాడెడివారు. ఒకనాడు అతడు విద్యుత్తు మీట బిగించుచు, దానిపై నంటియున్న పలుచని పారదర్శకపు పొరను ఒలిచి, దానిమీద పెన్సిలుతో ఏదో గుర్తు పెట్టెను. ఆ గుర్తు పొర రెండవ వైపున గూడ కనబడెను. మనలో నెందరో ఇట్టిది చూచి ఊరకుందుము. అతడు ఊరకుండలేదు. ఆ సూత్రముతో ఒక ఆటవస్తువు చేసెను. అమెరికాలోని ఒహాయో ఆర్ట్ అను సంస్థ దాని హక్కులు కొని, 1960వ సంవత్సరమున ‘ఎచ్ ఎ స్కెచ్’ అను పేరుతో విడుదల చేసెను. పేటెంటు పత్రముమీద మాత్రము, డబ్బు పెట్టినవాని లెక్కలు వ్రాయు ఆర్థర్ గ్రాన్‌జాన్ అను నతని పేరు పడినది. అందుచే బహుకాలము లోకము అతనినే సృష్టికర్తగా ఎన్నెను. పని ఒకరిది, పేరు మఱొకరిది; ఇది మన దేశమున గూడ ఎఱుగని సంగతి కాదు. కసాన్య్ 2013 జనవరిలో మరణించెను. అప్పటికి నిజము అందఱకు తెలిసియున్నది.

పలక లోపలి ఏర్పాటు చూడుడు. గాజు వెనుక అల్యూమినియపు మెత్తని పొడియు, అది గడ్డకట్టక జారుటకై సన్నని ప్లాస్టిక్కు పూసలును ఉండును. పలకను బోర్లించి కదపినచో పొడి గాజునకు అంతటను అంటుకొని వెండిరంగు పూతవలె నగును. ఆ గాజును లోపలినుండి తాకుచు ఒక సూది యుండును. సూది నడచిన దారిలో పొడి రాలిపోవును. లోపలి చీకటి ఆ సందునుండి నల్లని గీతగా కనబడును. అనగా ఇచ్చట గీత యనునది పూసినది కాదు, తుడిచినది. మఱల బోర్లించి కదపినచో బొమ్మ యంతయు చెరిగిపోవును.

సూదిని నడపునవి రెండు కడ్డీలు. ఒకటి అడ్డముగా, ఒకటి నిలువుగా నుండి, అవి ఒకదానినొకటి దాటు చోట సూది అమర్పబడియుండును. కప్పీలమీద నడచు సన్నని తీగలు ఆ కడ్డీలను లాగును. పలక ముందువైపున వీణ బిరడలవలె చేత త్రిప్పుటకు రెండు బిరడలు ఉన్నవి. ఎడమ బిరడను త్రిప్పిన సూది అడ్డముగాను, కుడి బిరడను త్రిప్పిన నిలువుగాను పోవును. సూదిని పైకెత్తుటకు మాత్రము వీలులేదు. కావున బొమ్మ ఎంత పెద్దదైనను మన మెలికల ముగ్గువలె తెగని ఒకే గీతగా ఉండవలెను.

తయారుచేసినవారు రెండు బిరడలను ఒక్క పిల్లవాని రెండు చేతులకే ఉద్దేశించిరి. కాని ఒక్కొక్క బిరడను ఒక్కొక్కరికి అప్పగించినచో ఆట స్వభావమే మారిపోవును. నా అభిప్రాయమున అప్పుడే దానికి పూర్తి రుచి.

తొమ్మిదవ తరగతివారు నిరూపక జ్యామితి చదువుచున్నారు గదా! తలముమీది ఏ బిందువునైనను రెండు సంఖ్యలతో చెప్పవచ్చునను ఆ పద్ధతికి ఫ్రెంచి తత్త్వవేత్త రెనే డెకార్ట్ 1637లో ప్రచురించిన గ్రంథము ఆధారము. పుస్తకములో అది X అక్షము, Y అక్షము. ఈ పలకమీద X ఒక పిల్ల, Y ఒక పిల్లవాడు. X మాత్రమే త్రిప్పిన అడ్డగీత పడును; Y మాత్రమే త్రిప్పిన నిలువుగీత. ఒకరి తరువాత ఒకరు కొంచెము కొంచెముగా త్రిప్పిన మెట్లు వచ్చును. ఇద్దరు ఒకేసారి, సమానవేగముతో త్రిప్పినగాని 45 డిగ్రీల ఏటవాలు గీత రాదు. Y త్రిప్పు వేగము రెండింతలైన గీత నిటారగును. పుస్తకములో ‘వాలు’ అని చదువునది ఇదియే; ఒకరి వేగమునకు రెండవవారి వేగముతో గల నిష్పత్తి. దానిని చేతితో తెలిసికొన్న పిల్లవానికి సూత్రమును కంఠస్థము చేయవలసిన పని యుండదు.

వృత్తము గీయుట నిజమైన పరీక్ష. శిఖరమునుండి కుడివైపునకు బయలుదేరినామనుకొందము. మొదట X వడిగా త్రిప్పవలెను, Y దాదాపు నిలిచియుండవలెను. పిమ్మట X మెల్లమెల్లగా తగ్గుచుండగా Y వేగము పెరుగవలెను. కుడి అంచునకు చేరునప్పటికి X పూర్తిగా ఆగి, వెనుకకు తిరుగవలెను. అప్పుడే Y మిక్కిలి వేగముగా నుండును. అడుగుభాగమున Y వంతు ఆగుట. ఒకరి వేగము మిక్కిలియైన క్షణమున రెండవవారి వేగము సున్న. పదవ తరగతిలో కనబడు సైను, కొసైను అనునవి ఈ ఇద్దరు పిల్లలే. నూటికి తొంబది జతలు మొదటిసారి గీసిన వృత్తము గుమ్మడికాయ వలెనో, ఎలుక కొరికిన అప్పడము వలెనో ఉండును. దానికి నవ్వుకొని పలకను కదపి మఱల మొదలుపెట్టుదురు. చెరుపుటకు ఇంత సులభమైన వస్తువు దొరకుట పిల్లలకు గొప్ప ధైర్యము.

ఇక అసలు విషయమునకు వత్తును. ఇద్దరు కలసి గీయవలెనన్న మాటలాడక తప్పదు. ఒకరి మనస్సులోని బొమ్మ రెండవవారి చేతికి చేరుటకు మాటయే దారి. ఆ మాట పొట్టిదై, స్పష్టమై, వెంటనే అందునదై ఉండవలెను: ‘ఎడమకు! ఇంకను! ఆగు! క్రిందికి, మెల్లగా!’

మా తరగతిలో ఒక తెలుగు పిల్లయు, ఆమె పొరుగింటి కన్నడ పిల్లయు ఈ ఆట ఆడుచుండగా చూచితిని. తెలుగు పిల్ల ‘కుడి, కుడి!’ అని తొందరపెట్టినది. రెండవ పిల్ల చేయి ఆపి, తెల్లబోయి, ‘ఏను కుడియబేకు?’ అని అడిగినది. కన్నడమున ‘కుడి’ యనగా త్రాగుము. ‘ఏమి త్రాగవలెను?’ అని ఆమె ప్రశ్న. తరగతి అంతయు నవ్వినది. ‘ఎడమ’ దగ్గర ఈ చిక్కు లేదు. కన్నడమున అది ‘ఎడ’. కుడికి వారి మాట ‘బల’. అది మనకు పరాయి మాట అనుకొనవలదు. నాగలికి కట్టిన ఎడ్లలో ఎడమదానిని దాపల యనియు, కుడిదానిని వలపల యనియు మన రైతులు అనెడివారు. ఆ వలపలలోని ‘వల’యు కన్నడపు ‘బల’యు తమిళపు ‘వలము’ను ఒక తల్లి బిడ్డలే. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. అచ్చటి పల్లెలలో ముసలివారి నోట ఈ మాటలు వింటిని. మీ ఇండ్లలో తాతగారో అవ్వగారో ఉన్నచో అడిగి చూడుడు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లలకు ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, బస్సులో హిందీ, పుస్తకములో ఆంగ్లము. ఇన్ని భాషలు వచ్చుట భాగ్యమే. కాని ఆ రాకపోకలలో మొదట జారిపోవునవి చిన్న మాటలే. తెలుగింటి పిల్లవాడు సయితము నేడు ‘లెఫ్టు’, ‘రైటు’ అనును గాని ఎడమ, కుడి యనుట అరుదు. పద్యము అప్పగించి మార్కులు తెచ్చుకొన్న పిల్ల, ‘కొంచెము ఓరగా పోనిమ్ము’ అను వాక్యము నోట రాక తడబడుట చూచితిని. పద్యము నేర్పుటకు మేమున్నాము. ఓర, వాలు, వంపు, మెలిక, అంచు, మొన, నడిమి అను మాటలు మాత్రము పని పడినప్పుడు నోట పుట్టవలెను. పాఠముగా వల్లించిన నిలువవు. సెల్ ఫోను తెరమీద ఒక్క వ్రేలితో ఎంత చక్కని బొమ్మయైనను గీయవచ్చును. కాని అచ్చట ఎవరితోను ఏమియు చెప్పవలసిన అవసరము లేదు.

లిపి విషయమున గూడ ఈ పలక ఒక వింత చూపును. తెలుగు కన్నడ లిపులు ఒకప్పుడు ఒక్కటే లిపి. శతాబ్దముల మీదట మెల్లగా విడివడినవి. ర, గ, ద, న అను అక్షరములను చూడుడు. ఒడలు ఇంచుమించు ఒకటే, తలకట్టు మాత్రమే వేఱు. మన తలకట్టు ఏటవాలుగా పైకి లేచును. వారిది దాదాపు అడ్డముగా సాగును. కావున పలకమీద కన్నడపు తలకట్టును X ఒక్కరే వేయగలరు. తెలుగు తలకట్టునకు ఇద్దరును కావలెను!

ఇద్దరు చేతులు కలపుట అంత సులభమా యని మీరడుగవచ్చును. దీనిని పరీక్షించినవారు కలరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన మిల్లర్డ్ మాడ్సన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1960వ దశకమున ఒక చదరపు పలక చేయించెను. నాలుగు మూలల నలుగురు పిల్లలు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క దారము. నాలుగు దారములును నడుమనున్న ఒక్క కలమునకు కట్టబడియుండును. కలము కాగితముపై గీసియున్న వలయములను దాటవలెను. ఒకరు లాగునప్పుడు మిగిలినవారు వదలినగాని కలము కదలదు. ఇజ్రాయెలు దేశమున అరియెల్లా షపీరాయు మాడ్సనును చేసిన పరీక్ష 1969లో ప్రచురింపబడినది. అన్ని వలయములు దాటిన అందఱకు బహుమతి యన్నప్పుడు పట్టణపు పిల్లలును, కిబ్బూత్సు అను సమష్టి వ్యవసాయ గ్రామముల పిల్లలును చక్కగా కలసి పనిచేసిరి. ఎవరి వలయము దాటిన వారికే బహుమతి యనగానే పట్టణపు పిల్లలు ఎవరి దారమును వారు లాగసాగిరి. కలము నడుమ చిక్కుకొన్నది. గ్రామపు పిల్లలలో చాలమంది వంతులు వేసికొని అందఱి వలయములు దాటించిరి. పిల్లలు చెడ్డవారగుట చేత కలము ఆగలేదు, బహుమతి పెట్టిన తీరుచేత ఆగినది. ఇంటిలో ఈ ఆట ఆడించువారు ‘నీ గీత బాగున్నది, వాని గీత బాగులేదు’ అని విడదీసి మెచ్చుకొనకుండుట మంచిది.

ఎచ్ ఎ స్కెచ్ కొననక్కఱలేదు. మాడ్సన్ పలకను ఇద్దరికి తగినట్లు మార్చి ఇంటనే చేసికొనవచ్చును. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు చెక్క గాని దళసరి అట్ట గాని తీసికొనుడు. నాలుగు మూలల ఉంగరము వంటి తలగల మేకులు బిగింపుడు. స్కెచ్ పెన్ను నిలువుగా దూరునట్టి ఖాళీ కండెయో, వెడల్పాటి మూతకు చేసిన రంధ్రమో చాలును. దానికి నాలుగు దారములు కట్టి ఒక్కొక్కదానిని ఒక్కొక్క ఉంగరము నుండి బయటకు తీయవలెను. పెన్సిలు పనికిరాదు, తగినంత ఒత్తిడి లేక గీత పడదు. ఎడమప్రక్క కూర్చున్నవారికి ఎడమ మూలల దారములు రెండు. కుడిప్రక్కవారికి కుడి మూలలవి రెండు. బిరడల పలకకు దీనికి ఒక భేదమున్నది. అచ్చట రెండవవారు ఊరకున్నను మొదటివారు అడ్డగీత గీయగలరు. ఇచ్చట ఒకరు దారము బిగబట్టినచో రెండవవారు ఎంత లాగినను కలము అడుగు వేయదు.

దారములు వ్రేళ్ళను కోయకుండ చివరలకు చిన్న కొయ్య పిడులు కట్టిన మంచిది. మైసూరు దారిలోని చెన్నపట్టణమున లత్తుక రంగులు పూసి తరిణె పట్టిన బొమ్మల ముక్కలు ఇందుకు చక్కగా కుదురును. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలును ఆ జాతివే. రెండు ఊళ్ళవారు వాడు కొయ్యయు ఒకటే. మనము అంకుడు అనుదానిని కన్నడమున ఆలె మర అందురు.

మొదట నిలువుగీత, పిమ్మట మెట్లు, పిమ్మట ఇల్లు గీయుడు. వృత్తము చేత చిక్కిన తరువాతనే ‘ర’ జోలికి పోవుడు. పురికొస కన్న నూలుదారము మేలు. పురికొస పీచు ఉంగరములో చిక్కుకొనును. గీసిన కాగితముమీద ఇద్దరి పేర్లును వ్రాసి, ఏ భాషలో మాటలాడుకొని గీసితిరో ప్రక్కన గుర్తించి తెచ్చినచో తరగతి గోడమీద అంటింతుము.