సైలెన్సర్ నోరు విప్పితే!

నిర్మల్ దాటి ఆదిలాబాద్ దారి పట్టింది పాత కారు. మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే ట్రాక్టర్‌లా ఒకటే మోత. ఇంజన్ బోరుకొచ్చిందేమోనని యజమాని గుండెల్లో రాయి పడింది. తీరా మెకానిక్ కారు కిందికి దూరి చూసి నవ్వేశాడు. 'ఇంజన్‌కేం గాలేదు సారూ, సైలెన్సర్ ఖతమైంది!'

పాత కార్లున్న చాలామందికి ఇది అనుభవమే. బయట రాయి తగిలో, స్పీడు బ్రేకర్ గీసుకునో చిల్లు పడిందనుకుంటాం. నిజానికి సైలెన్సర్‌ను ఎక్కువగా తినేసేది లోపలి తుప్పు! పెట్రోలు మండితే పొగతో పాటు నీటి ఆవిరీ వస్తుంది. ఇంటి నుంచి బస్టాండుకీ, అక్కణ్నుంచి మార్కెట్‌కీ తిరిగే కారులో గొట్టం సరిగ్గా వేడెక్కదు. ఆ నీరు ఆమ్లాలతో కలిసి అక్కడే నిలిచిపోతుంది. అందుకే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తి తరచూ హైదరాబాద్ వెళ్లొచ్చే బండి సైలెన్సరే ఎక్కువ కాలం మన్నుతుంది. ఇక వరద సంగతి చెప్పక్కర్లేదు. 2021 జులైలో నిర్మల్‌లోని జీఎన్‌ఆర్ కాలనీ మునిగినప్పటిలాంటి నీళ్లు పొగగొట్టం దాకా వస్తే, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవడమే మేలు.

అమెరికాలోని ఇండియానాకు చెందిన రీవ్స్ సోదరులు 1897లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. డబ్బా లోపల చిల్లుల గొట్టాలు, గదులు ఉంటాయి. శబ్ద తరంగాలు వాటిలో అటూ ఇటూ తగిలి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంతే కిటుకు!

మోత ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అసలు భయం కార్బన్ మోనాక్సైడ్‌తో. రంగుండదు, వాసనుండదు. అద్దాలు బిగించి ఏసీ వేసుకుని వెళ్తుంటే నేల సందుల్లోంచి లోపలికి చేరుతుంది. తలనొప్పి, మత్తు మొదలైతే వెంటనే ఆపి, తలుపులు తీసి, బయటికి రావాలి. 'రేపు చూద్దాం' అనుకోవడానికి వీల్లేని రిపేరు ఇది.

చిన్న చిల్లయితే వెల్డింగ్ అతుకు కొన్నాళ్లు ఆగుతుంది. రేకంతా పొరలుగా ఊడుతుంటే మార్చాల్సిందే. బండి పూర్తిగా చల్లారాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. తుప్పు నట్లకు నూనె పట్టించి నానబెడితే విరగవు. రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్లు రాస్తే సులువుగా జారుతాయి. గ్యాస్కెట్, క్లాంపులు పాతవి వాడితే మళ్లీ లీకే. కొత్తదాన్ని ముందు వదులుగా వేలాడదీసి, ఎక్కడా తగలడం లేదని చూసుకుని, ఆపైన బిగించాలి. ఎలక్ట్రిక్ వెల్డింగ్ అయితే ముందుగా బ్యాటరీ తీగలు విప్పించండి.

పాతది షాపులో వదిలేసి వస్తారా? ఆగండి. కొన్ని కార్లలో సైలెన్సర్‌తోనే కలిసి ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పలేడియం, రోడియం ఉంటాయి. గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లను దొంగలు ఎత్తుకెళ్లింది వీటి కోసమే. కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం బిగించారేమో చూసుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వ నియమం ప్రకారం ప్రతి బండికీ సైలెన్సర్ తప్పనిసరి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత జరిమానా పదివేల రూపాయల దాకా ఉండొచ్చు. కుర్రాళ్ల బుల్లెట్ బండ్లకీ అదే చట్టం మరి!

కొత్తది వేశాక మొదట్లో కాస్త పొగ, కాలిన వాసన వస్తే కంగారొద్దు. పైపూత కాలిపోతుందంతే. సోన్ బ్రిడ్జి దాకా అద్దాలు దించుకుని వెళ్లొస్తే పోతుంది.