జతను పట్టి ఉంచే ముడి

బెల్జియం శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్ 1883లో గుర్రం పేగుల్లో బతికే ఏలికపాము అండాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. దాని కణంలో క్రోమోజోములు నాలుగే కాబట్టి లెక్కపెట్టడం తేలిక. ఫలదీకరణం చెందిన అండంలో తల్లివి రెండు, తండ్రివి రెండు కనిపించాయి. అంటే అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడే లెక్క సగమైపోతోందన్నమాట. ఆ పని చేసేదే క్షయకరణ విభజన.

మనిషికి 46 క్రోమోజోములు, 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. మొదటి విభజనలో జతలు విడిపోతాయి, రెండోదానిలో ముందే తయారైన నకళ్లు విడిపోతాయి. ఏ జతలో ఏది ఎటు పోతుందన్నది ఆ జత వరకే, మిగతా జతలతో సంబంధం లేదు. ఈ ఒక్క కారణంతోనే ఒక మనిషిలో 83,88,608 రకాల బీజకణాలకు వీలుంది.

అసలు విడ్డూరం అంతకు ముందే జరుగుతుంది. జతలోని రెండూ పొడవునా పక్కపక్కన చేరతాయి. కణం తన డీఎన్‌ఏను తానే అక్కడక్కడ తెంపి, మళ్లీ అతుకుతుంది. ఆ అతకడంలో కొన్నిచోట్ల అమ్మ ముక్క నాన్న క్రోమోజోముకు, నాన్న ముక్క అమ్మ క్రోమోజోముకు మారిపోతాయి. దీన్ని వినిమయం అంటారు. 1931లో హారియెట్ క్రైటన్, బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్న తొమ్మిదో క్రోమోజోములో దీన్ని రుజువు చేశారు. ఒక చివర బొడిపె, ఇంకోవైపు వేరే క్రోమోజోము నుంచి వచ్చి చేరిన ముక్క ఉన్నదాన్ని ఎంచుకున్నారు. గింజల లక్షణాలు కొత్తగా కలిసినచోట ఆ గుర్తులూ విడిపోయాయి.

వినిమయం అనగానే వైవిధ్యమే గుర్తుకొస్తుంది గానీ, దానికి ఇంకో పని ఉంది. ముక్కలు మారినచోట జత ముడిపడి ఉంటుంది. ఆ ముడి ఉంటేనే, విభజనలో క్రోమోజోములను కదిపే కండె పోగులు చెరోవైపు లాగినప్పుడు బిగువు వస్తుంది, జత సరిగ్గా చెరి సగం అవుతుంది.

మగవాళ్లలో ఇదంతా యుక్తవయసు నుంచి నిరంతరం సాగుతుంది. ఒక కణం నుంచి నాలుగు శుక్రకణాలు వస్తాయి. ఆడపిల్లకైతే తల్లి కడుపులో ఉండగానే వినిమయం ముగిసి, విభజన అక్కడే ఆగిపోతుంది. అండం విడుదలయ్యే వేళకు గానీ మొదటి విభజన పూర్తికాదు, రెండోది శుక్రకణం చేరితేనే. ఆ ముడి కొన్ని అండాల్లో 15 ఏళ్లు, కొన్నిటిలో 40 ఏళ్లు నిలవాలి. దాన్ని పట్టి ఉంచే కొహీసిన్ అనే ప్రోటీను ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పట్టు సడలితే 21వ జత రెండూ ఒకే అండంలో ఉండిపోవచ్చు. తండ్రిది కూడా కలిస్తే బిడ్డకు అవి మూడవుతాయి, అదే డౌన్ సిండ్రోమ్. అది ఎక్కువ భాగం తల్లి వైపు విభజనలో ఇలా వచ్చినదే. 35 దాటిన గర్భిణికి డాక్టర్లు ప్రత్యేక పరీక్షలు సూచించేదీ ఇందుకే. ఇలాంటి బిడ్డ పుడితే, గ్రహణం రోజు బయటికొచ్చిందని, ఏదో తినకూడనిది తిన్నదని మన ఇళ్లలో తల్లిని ఇప్పటికీ తప్పుపడతారు. ఆ ముడి పడింది ఆమె ఇంకా పుట్టకముందు.