వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుందా?

ఫొటోలు కడిగిన నీళ్లలో వెండి ఉంటుందంటే నమ్మొచ్చా అని చాలామంది నన్ను అడుగుతున్నారు. నమ్మొచ్చు.

ఫిల్మ్ మీద, పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద సిల్వర్ బ్రోమైడ్ లాంటి వెండి లవణాల పూత ఉంటుంది. వెలుతురు తగిలినచోట డెవలపర్ దాన్ని నల్లటి వెండిగా మారుస్తుంది. అదే మనకి కనిపించే బొమ్మ. తగలనిచోట మిగిలిపోయిన లవణాన్ని ఫిక్సర్, అంటే హైపో, తనలో కరిగించుకుంటుంది. అందుకే వాడేసిన ఫిక్సర్‌లో లీటరుకి కొన్ని గ్రాముల వెండి ఉండొచ్చు. కంటికి మాత్రం కనపడదు.

తీయడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు. ఒకటి, కరెంటు పంపడం. స్టీలు ప్లేటు మీద వెండి పొరలా పేరుకుంటుంది. కరెంటు ఎక్కువైతే వెండి బదులు నల్లటి సిల్వర్ సల్ఫైడ్ వస్తుంది. రెండోది, సన్నటి ఇనుప పీచు మీదుగా ఫిక్సర్‌ని పారించడం. ఇనుము కరిగిపోతుంది, వెండి బురదలా మిగులుతుంది. దాన్ని శుద్ధి చేస్తేనే మెరిసే వెండి.

ఇది చూసి ఇంట్లో మొదలుపెట్టకండి, ప్లీజ్. ఫిక్సర్‌లో యాసిడ్ పోస్తే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, ఊపిరాడదు. అలాగని కాలవలో పారబోయొద్దు. అమెరికాలో వ్యర్థాల పరీక్షలో లీటరుకి 5 మిల్లీగ్రాముల వెండి తేలితేనే ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. మన ఫిక్సర్‌లో ఉండేది గ్రాముల్లో! మీ దగ్గర ఉంటే డబ్బాలో మూతపెట్టి, పేరు రాసి, వెండి తీసే పర్మిషన్ ఉన్నవాళ్లకే ఇవ్వండి.