అష్టాచెమ్మా

అష్టాచెమ్మా తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఆడుతున్న ఒక పందెపు ఆట. దీనిని అష్టా చమ్మా అని కూడా వ్రాస్తారు. నేలపై గీసిన 25 గళ్ళలో, నాలుగు గవ్వలను గాని చింతపిక్కలను గాని విసిరి, పడిన పందెమును బట్టి కాయలను నడుపుతూ ఇద్దరు మొదలు నలుగురు వరకు ఆడవచ్చును. నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్ట (ఎనిమిది), నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ (నాలుగు). ఈ రెండు పందెముల పేర్లే ఆటకు పేరైనవి.

ఆట సామగ్రి

ఈ ఆటకు కొనవలసిన వస్తువు ఏదీ లేదు. సుద్దముక్కతో గాని, బొగ్గుతో గాని, ముగ్గుపిండితో గాని అరుగు మీద నిలువుకు అయిదు, అడ్డానికి అయిదు చొప్పున గళ్ళు గీస్తారు. నాలుగు వైపులా అంచు వరుసలలో నడిమి గడిలోను, అన్నిటికీ మధ్యనున్న గడిలోను ఇంటూ గుర్తు వేస్తారు. అంచున ఉన్న నాలుగు గళ్ళు నలుగురు ఆటగాళ్ళ ఇళ్ళు. మధ్య గడి అందరూ చేరవలసిన గమ్యము.

గవ్వలు లేనివారు చింతపిక్కలను వాడుతారు. పిక్కను గరుకు రాతిపై ఒక వైపు తెల్లదనము కనబడే వరకు అరగదీస్తారు, లేదా రెండు బద్దలుగా చేస్తారు. అప్పుడు ఒక వైపు తెలుపు, మరొక వైపు నలుపు ఉంటుంది. గులకరాళ్ళు, గాజుముక్కలు, బొత్తాలు, పుల్లలు ఏవైనా కాయలుగా పనికివస్తాయి. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. ఎవరి కాయలు వారు గుర్తు పట్టగలిగితే చాలును.

ఆడే విధానము

వెల్లకిలా పడిన గవ్వల సంఖ్యయే పందెము. ఒకటి, రెండు, మూడు పడితే అన్ని గళ్ళు నడపాలి. అష్ట గాని, చెమ్మ గాని పడినవారికి మరొకసారి వేసే అవకాశము వస్తుంది.

కాయలు తమ ఇంటి నుండి బయలుదేరి ఆటగాడి కుడివైపుగా, అనగా అపసవ్య దిశలో, బయటి వరుసలోని 16 గళ్ళను చుట్టి వస్తాయి. ఇంటికి ఎడమ ప్రక్క గడిని చేరిన తరువాత లోపలి వరుసకు తిరిగి, అక్కడి 8 గళ్ళను సవ్య దిశలో దాటి మధ్య గడికి చేరుకుంటాయి. ఇంటి నుండి గమ్యము వరకు మొత్తం 24 అడుగులు. గమ్యమును చేరిన కాయ పండినట్లు. నాలుగు కాయలనూ ముందుగా పండించుకున్నవారు గెలిచినట్లు. చివరి పందెము సరిగా సరిపోవలెను. ఒక్క అడుగు దూరములో ఉన్న కాయకు ఒకటి పడితేనే పండుతుంది. రెండు పడినా, మూడు పడినా ఆ కాయ కదలదు.

చంపుట

ఒకరి కాయ ఉన్న గడిలోనికి ఎదుటివారి కాయ వస్తే మొదటిది చచ్చినట్లు. అది తిరిగి తన ఇంటి నుండి ప్రయాణము మొదలుపెట్టాలి. చంపినవారికి మరొక పందెము లభిస్తుంది. ఇంటూ గుర్తు ఉన్న గళ్ళలో చంపరాదు. అక్కడ ఎవరి కాయలైనా కలిసి ఉండవచ్చును. లోపలి వరుసలో అటువంటి గడి ఒక్కటీ లేనందున, దాదాపు పండబోతున్న కాయ కూడా చచ్చే ప్రమాదము ఉంటుంది.

ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరుసలోనికి ప్రవేశము లేదనేది చాలా ఇళ్ళలో పాటించే నియమము. దీని వలన జాగ్రత్తగా ఇంటి నుండి ఇంటికి నడిచేవారు ముందుకు పోలేక బయటి వరుసలోనే తిరగవలసి వస్తుంది. తప్పించుకొనుటా, వెంటాడుటా రెండూ తెలిసినవారే గెలుస్తారు.

పందెముల లెక్క

గవ్వ ఇరువైపులా సమానంగా పడుతుందని అనుకుంటే, నాలుగు గవ్వలు 16 రకాలుగా పడగలవు. వాటిలో అష్టకు ఒకటి, చెమ్మకు ఒకటి, ఒకటికి నాలుగు, రెండుకు ఆరు, మూడుకు నాలుగు అవకాశాలు. అనగా మరొక పందెము తెచ్చే వేత సగటున ఎనిమిదింటిలో ఒకటి. సగటు పందెము రెండున్నర. నాలుగు కాయలు పండడానికి 96 అడుగులు కావాలి గనుక, చావులు లేకుండా, పందెము వృథా కాకుండా ఆడినా ఒక్కొక్కరు సుమారు 38 సార్లు గవ్వలు వేయవలసి ఉంటుంది. అసలు గవ్వ ఆకారము ఇరువైపులా ఒకటి కాదు కాబట్టి వాస్తవములో ఈ లెక్క కొంత మారుతుంది.

ఈ లెక్క నుండి ఒక మెలకువ తెలుస్తుంది. శత్రువు కాయకు రెండు గళ్ళు ముందు నిలిచిన కాయకు అన్నిటికంటె ఎక్కువ ప్రమాదము. అయిదు, ఆరు, ఏడు గళ్ళు ముందున్నదానికి ప్రమాదము చాల తక్కువ, ఏలననగా ఆ పందెములు ఒక్క వేతలో పడవు. చెమ్మ పడి, ఆపైన తగిన పందెము కూడా పడవలెను. గణితము చదవని బామ్మలు కూడా ఈ సంగతి అనుభవము మీద గ్రహించి, కాయను ఎక్కడ నిలపాలో పిల్లలకు చెబుతుండేవారు.

నియమాలలో భేదాలు

ఈ ఆట నియమాలు నోటి మాటగా వచ్చినవే గనుక ఊరికి ఒక తీరుగా ఉంటాయి. అష్ట గాని, చెమ్మ గాని పడితేనే కాయను ఇంటి నుండి కదపనిచ్చేవారు కొందరు. వరుసగా మూడుసార్లు పడితే ఆ పందెములన్నీ చెల్లవనేవారు కొందరు. ఆట నడుమ తగవు రాకుండా, గవ్వలు పట్టకముందే నియమాలను అందరూ ఒప్పుకొనుట మంచి పద్ధతి.

ఇతర ప్రాంతాలలో

కర్ణాటకలో దీనిని చౌకాబారా అంటారు. అక్కడ ఏడేసి గళ్ళ పటముపై కూడా ఆడుతారు. తమిళనాడులో ఇటువంటి ఆటకు తాయం అని పేరు. ఉత్తర భారతదేశపు పచ్చీసు కూడా గవ్వలతో కాయలను నడిపే ఆటయే. ఇంగ్లాండులో 1896లో పేటెంటు పొందిన లూడో ఆటకు పచ్చీసు మూలము.

గృహ జీవనములో స్థానము

వేసవి సెలవులలో మధ్యాహ్నము వేళ, శివరాత్రి జాగారమునాడు ఈ ఆట ఎక్కువగా సాగేది. బలము, వయసు, చదువులతో పని లేనందున తాతలు, మనుమలు సమానులై కూర్చోగల ఆటలలో ఇది ఒకటి. గళ్ళను ఒక్కొక్కటిగా ఎంచక, చూపుతోనే కూడుకొనుట పిల్లలకు ఇందులో అలవడుతుంది.

ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకత్వములో 2008లో వచ్చిన 'అష్టా చమ్మా' చలనచిత్రము వలన ఈ పేరు కొత్త తరానికి పరిచయమైనది. అరుగులు తగ్గి, కుటుంబాలు చిన్నవైన తరువాత ఆట మాత్రము అరుదైనది. నియమాలు పెద్దల జ్ఞాపకములోనే ఉన్నందున, ఎవరి ఇంటి పద్ధతిని వారు పిల్లలతో ఆడి చూపినప్పుడే అది నిలుస్తుంది. అందుకు కావలసినవి ఒక సుద్దముక్క, నాలుగు చింతపిక్కలు.

ఇవి కూడా చూడండి

వైకుంఠపాళి
వామనగుంటలు
పులి-మేక ఆట
అచ్చనగాయలు